పాత వాకీటాకీ, ఇంటి కంప్యూటరు: గుణదోష విచారణ

పదిమందికి పనికివచ్చు యంత్రము రెండు విధములుగ పాడగును. అవయవములు అరిగి పాడగుట ఒక విధము. అవయవములన్నియు బాగుగ నుండియు, దానిని నడపు నేర్పు చేజారిపోవుట రెండవ విధము. 1990 ప్రాంతములలో తయారైన ద్విముఖ రేడియోలకు, అనగా చేతిలో పట్టుకొను వాకీటాకీలకును జీపులలో అమర్చు సెట్లకును, నేడు పట్టినది ఈ రెండవ గతి. జీపు సెట్టు నొకదానిని 12 వోల్టుల బ్యాటరీకి కలిపినచో దీపము వెలుగును, స్పీకరు బుసకొట్టును. కాని అది పూర్వపు యజమాని వాడుకొన్న ఛానెళ్ళలోనే పలుకును. ఆ ఛానెళ్ళను మార్చుటకు ముందువైపున ఏ మీటయు లేదు. కంప్యూటరు, దానికి తగిన ప్రోగ్రాము, రెంటిని కలుపు తీగ, ఈ మూడును దొరికిన నాడే మార్పు సాధ్యము.

ఈ పనికి నేడు రెండు రకముల ప్రోగ్రాములు కలవు. సెట్టును తయారుచేసిన కంపెనీ ఇచ్చినది ఒకటి. రేడియో ఔత్సాహికులు తమకై తాము వ్రాసికొన్నది మరియొకటి. వీనిలో ఏది యంత్రమును బ్రతికించును? ఏది విద్యార్థికి విజ్ఞానము నిచ్చును? ఈ రెండు ప్రశ్నలతో వాని గుణదోషములను పరిశీలించుట ఉపాధ్యాయులకు ఉపయోగకరము.

ఈ విషయము నిజామాబాదు పట్టణమునకును బోధను చక్కెర ప్రాంతమునకును దూరమైనది కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కురిసిన కుండపోత వర్షములకు కామారెడ్డి ప్రాంతమున రోడ్లు, రైలుమార్గము తెగినవి. 2016 వరకు ఆ ప్రాంతము నిజామాబాదు జిల్లాలో భాగమే. సెల్‌ఫోను సంభాషణ గోపురముల మీదను, వానికందు విద్యుత్తు మీదను ఆధారపడి యుండును. ద్విముఖ రేడియోకు నడుమ గోపురము అక్కరలేదు. రెండు సెట్లు, రెండు బ్యాటరీలు చాలును. కావున మూలబడిన సెట్టు తిరిగి పలుకునా పలుకదా అనునది కేవలము వినోదమునకు సంబంధించిన ప్రశ్న కాదు.

స్ఫటికము నుండి పట్టికకు

తొలి తరపు సెట్లలో ఒక్కొక్క ఛానెలునకు ఒక్కొక్క క్వార్ట్జు స్ఫటికము ఉండెడిది. ఛానెలు మార్చవలెనన్న ఆ పౌనఃపున్యమునకు తగినట్లు కోసిన కొత్త స్ఫటికమును తెప్పించి, పాతదాని స్థానమున గ్రుచ్చి, సెట్టును ట్యూను చేయవలసి వచ్చెడిది. ఖర్చు అధికమైనను ఆ పద్ధతిలో రహస్యము లేదు. మూత తీసిన వారికి ఏ ఛానెలు ఎక్కడ నున్నదో కంటికి కనబడెడిది.

తరువాత వచ్చిన సెట్లలో పౌనఃపున్య సంశ్లేషకము అను వలయము చేరినది. ఇందు ఒక్క స్ఫటికమే చాలును. దాని కంపనములను భాగించి, ఉదాహరణకు 5 కిలోహెర్ట్జుల మెట్టును ఏర్పరచుకొందురు. ఆ మెట్టుకు ఎన్ని రెట్లు కావలెనో ఒక సంఖ్య ద్వారా తెలిపినచో వలయము ఆ పౌనఃపున్యమును ఉత్పత్తి చేయును. 145.125 మెగాహెర్ట్జులు కావలెననుకొందము. దానిని 5 కిలోహెర్ట్జులచే భాగించిన 29,025 వచ్చును. ద్విసంఖ్యామానమున ఇది 0111 0001 0110 0001. విద్యార్థులు 16,384, 8,192, 4,096, 256, 64, 32, 1 అను సంఖ్యలను కూడి దీనిని సరిచూడవచ్చును. మాట వినునపుడు గ్రాహకములోని మధ్యమ పౌనఃపున్యమును బట్టి వేరొక సంఖ్య కావలసివచ్చును. సూత్రము మాత్రము ఇదియే.

ఈ సంఖ్యలు, లేదా వీనిని లెక్కించుటకు ఆధారమైన పౌనఃపున్యములు, విద్యుత్తు తీసివేసినను చెరగని స్మృతి ఖండములో నిలిచియుండును. స్ఫటికముల పెట్టె ఇట్లు సంఖ్యల పట్టికగా మారినది. పరికరము చౌక యైనది, చిన్నదైనది. కాని కంటికి కనబడు భాగము కనబడకుండ పోయినది. తరువాతి చిక్కులన్నిటికిని మూలమిదియే.

పేరులోని పొరపాటు

ఈ పట్టికను మార్చుటకు లోకమున వాడుకలోనున్న పేరు ప్రోగ్రామింగు. ఈ పేరు విద్యార్థిని తప్పుదారి పట్టించును. ప్రోగ్రాము అనగా యంత్రము ఏ పని తరువాత ఏ పని చేయవలెనో తెలుపు ఆజ్ఞల వరుస. ఇచ్చట రేడియోలోని ఆజ్ఞలు ఏవియు మారవు. అవి కర్మాగారములో వ్రాసినట్లే యుండును. మారునది పట్టిక యొక్కటే.

బోధను ప్రాంతమున చెరకు పండించిన కుటుంబములకు ఈ భేదము సులభముగ బోధపడును. చక్కెర మిల్లు రైతులకు చెరకు కొట్టుటకు పర్మిట్లు ఇచ్చును. ఏ రైతు, ఏ గ్రామము, ఏ దినము అను వివరములు వరుసకొక రైతు చొప్పున పుస్తకములో నుండును. కొట్టిన చెరకు నిలువయున్నకొలది దానిలోని చక్కెర తగ్గును గనుక ఆ పుస్తకములో తేదీ తప్పినచో రైతుకు నష్టము. అయినను పుస్తకములో వరుస మార్చినంత మాత్రమున గానుగ తిరుగు తీరు మారదు. రేడియోలోని పట్టికయు అట్టిదే. వరుసకొక ఛానెలు, ఒక్కొక్క వరుసలో వినవలసిన పౌనఃపున్యము, పంపవలసిన పౌనఃపున్యము, శక్తి, గుర్తు స్వరము. ఒక్క అంకె తప్పినచో ఇతరుల ఛానెలులో పలుకవలసి వచ్చును.

గుర్తు స్వరమునకు పెట్టిన పేరును గూడ ఇచ్చట విమర్శింపవలసియున్నది. మాటతోపాటు 67 నుండి 250 హెర్ట్జుల నడుమ సన్నని స్వరము నొకదానిని పంపి, ఆ స్వరము వినబడినపుడే గ్రాహకము నోరు విప్పునట్లు అమర్చవచ్చును. మోటరోలా కంపెనీ దీనికి ప్రైవేట్ లైన్ అని పేరు పెట్టినది. ఈ పేరు వినినవారు తమ మాటలు గుప్తముగ నున్నవని తలంతురు. అది నిజము కాదు. స్వరమును పట్టించుకొనని ఏ గ్రాహకమైనను ఆ మాటలను వినగలదు. స్వరము ఇతరుల మాటలు తన చెవిని బడకుండ చేయును గాని, తన మాటలు ఇతరుల చెవిని బడకుండ చేయలేదు.

కంపెనీ ప్రోగ్రాము

మోటరోలా కంపెనీవారి జీఎం300 సెట్టును ఉదాహరణగ తీసికొనవచ్చును. 8 ఛానెళ్ళతోను, 16 ఛానెళ్ళతోను వచ్చిన ఈ సెట్టు గట్టి నిర్మాణమునకు పేరుపొందినది. దీని పట్టికను మార్చుటకు కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాము డాస్ అను పాత నిర్వహణ పద్ధతిలో నడచును.

ఆ ప్రోగ్రామునకు గుణములు లేకపోలేదు. అది ముందుగ సెట్టు ఏ రకమైనదో అడిగి తెలిసికొనును. ఆ రకమునకు తగని పౌనఃపున్యమును వ్రాసినచో నిరాకరించును. ప్రసార శక్తిని, స్వర విస్తృతిని సరిచేయుటకు ప్రత్యేకమైన పుటలు దానిలో కలవు. సెట్టు తయారైన నాడు దానికై కొలిచి వ్రాసిన సవరణ సంఖ్యలను ఛానెళ్ళ సంఖ్యల నుండి వేరుగ ఉంచును. పనివానికి ఇది మంచి రక్షణ.

దోషములు రెండు. మొదటిది కాలమునకు సంబంధించినది. ఆ రోజులలో ప్రోగ్రాములు వ్రాసినవారు కొంతసేపు వేచియుండవలెనన్న కంప్యూటరు చేత వట్టి లెక్క పెట్టించెడివారు. 1983లో వచ్చిన ఐబీఎం ఎక్స్‌టీ గడియారము సెకనుకు 47 లక్షల 70 వేల సార్లు కొట్టుకొనును. దానిపై ఒక మిల్లీసెకను పట్టు లెక్క, నూరు రెట్లు వేగముగల యంత్రముపై మిల్లీసెకనులో నూరవవంతునకే ముగియును. రేడియో జవాబు చెప్పకముందే ప్రోగ్రాము విసిగి, సెట్టు పలుకుటలేదని ప్రకటించును. ఈ కారణముచేత జీఎం300 యజమానులు నేటికిని పాత కంప్యూటరుకై వెదకుదురు. కంప్యూటరు వేగము పెరుగుననుట ఆనాడే తెలిసిన విషయము. కావున ఈ దోషము క్షమింపదగినది కాదు.

రెండవ దోషము మరింత పెద్దది. పట్టికలో ఏ సంఖ్య ఎక్కడ నుండునో కంపెనీ ప్రకటింపలేదు. ఆ జ్ఞానమంతయు ప్రోగ్రాము లోపలనే మూతపడి యున్నది. ప్రోగ్రాము పోయిననాడు జ్ఞానమును పోవును. సెట్టు ఆయువు ముప్పదియేండ్లకు మించియుండగ, దాని తాళపుచెవి పదియేండ్లలో తుప్పుపట్టినది. యంత్రమును అమ్మినవారు తాళపుచెవిని గూడ అప్పగించితిమని తలచియుందురు. వారు అప్పగించినది ఆనాటి కంప్యూటరుతో మాత్రమే తిరుగు తాళపుచెవి.

తీగ వద్ద తగవు

ప్రోగ్రాము లభించినను మధ్యనున్న తీగ సామాన్యమైనది కాదు. పాత కంప్యూటరు సీరియల్ పోర్టులో 1 అను అంకెకు 3 నుండి 15 వోల్టుల వరకు ఋణ విభవము, 0 అను అంకెకు అంతే ధన విభవము ఉండును. రేడియోలోని వలయములకు 0, 5 వోల్టులే భాష. ఈ రెంటిని నేరుగ కలిపినచో రేడియో వలయము చెడవచ్చును. కావున నడుమ దుబాసీ వలె ఒక మార్పిడి పెట్టె ఉండవలెను. కంపెనీవారి పెట్టె ఖరీదైనదే గాని, చేయు పని చిన్నది. మాక్స్232 అను చిన్న చిప్పుతోను కొద్దిపాటి కెపాసిటర్లతోను ఇట్టి విభవముల మార్పిడిని కళాశాల ప్రయోగశాలలో చేసి చూపవచ్చును.

నేటి ఇంటి కంప్యూటర్లకు సీరియల్ పోర్టు లేదు. దాని స్థానమున యూఎస్‌బీ తీగలు వచ్చినవి. వీనిలోని చిప్పు అసలుదా నకిలీదా అనునది కొత్త చిక్కు. 2014 అక్టోబరులో స్కాట్లండుకు చెందిన ఎఫ్‌టీడీఐ కంపెనీ విడుదల చేసిన కొత్త డ్రైవరు, నకిలీ చిప్పులలోని గుర్తింపు సంఖ్యను సున్నగా మార్చినది. చౌక తీగలు కొనిన అమాయకుల పరికరములు ఒక్కసారిగ మూగవైనవి. నిరసనలు రాగ కంపెనీ ఆ డ్రైవరును ఉపసంహరించినది. నకిలీని అరికట్టుట న్యాయమే. కాని నకిలీ చేసినవానిని వదలి, కొన్నవానిని శిక్షించుట న్యాయము కాదు. తీగ పనిచేయనపుడు రేడియో చెడినదని తీర్మానింపక ముందు తీగను పరీక్షింపవలెనను పాఠము మాత్రము ఇందు కలదు.

ఔత్సాహికుల ప్రోగ్రాము

అమెరికాకు చెందిన డాన్ స్మిత్ 2008లో చిర్ప్ అను ప్రోగ్రామును ఆరంభించెను. పైథాన్ భాషలో వ్రాయబడిన ఈ ప్రోగ్రాము ఉచితము. దాని మూలమును ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. అనేక కంపెనీల సెట్లను ఇది ఒకే తెరపై, ఒకే తీరు పట్టికలో చూపును. కెన్‌వుడ్ టీకే-760 వంటి పాత జీపు సెట్లకు గూడ ఇందు స్థానము లభించినది.

దీని మూలమును చదివినచో స్మృతిలోని ఏ గడిలో ఏమున్నదో తెలియును. పలు సెట్లలో పౌనఃపున్యమును 10 హెర్ట్జుల ప్రమాణములో ఎనిమిది అంకెలుగ వ్రాసి, రెండేసి అంకెల జంటలను వెనుకనుండి ముందుకు పేర్చుదురు. 145.125 మెగాహెర్ట్జులు ఈ ప్రమాణములో 1,45,12,500. జంటలుగ విడదీసిన 14, 51, 25, 00. స్మృతిలో కనబడునది 00 25 51 14. ఇట్టి వరుసను ఒకసారి గుర్తుపట్టిన విద్యార్థికి యంత్రము లోపలి పుట తెరచుకొన్నట్లే. స్ఫటికముల కాలములో మూత తీసినచో కనబడినది ఇప్పుడు మరల కనబడినది. చిర్ప్ చేసిన ముఖ్యోపకార మిదియే.

దోషములను గూడ చెప్పవలెను. చాల పాత మోటరోలా సెట్లు దీనికి అందలేదు. సెట్టు శక్తిని, విస్తృతిని సరిచేయు పని దీని ముఖ్యోద్దేశము కాదు. దానికి కొలత పరికరములు, కంపెనీ పుస్తకము కావలెను. అన్నిటికంటె ముఖ్యముగ, ఆ పౌనఃపున్యమున ప్రసారము చేయుటకు వాడుకరికి హక్కు కలదా లేదా అని ఇది విచారింపదు. సెట్టు పరిధిలోని ఏ అంకెను పట్టికలో వ్రాసినను ఆ అంకెను భద్రముగ చేరవేయును. సులభత్వము ఎంత గుణమో అంత ప్రమాదమును అగును.

ఈ రెండు ప్రోగ్రాములను గూర్చి వ్యాప్తిలోనున్న బోధన తీరు మరియొక లోపము. తీగ కలుపుము, ఈ మీట నొక్కుము, ఇతరుల నుండి తెచ్చిన పట్టికను ఎక్కించుము, అని వంట చెప్పినట్లు చెప్పుదురు. వేరొక సెట్టు స్మృతిని యథాతథముగ ఎక్కించినచో, కొన్ని రకములలో ఆ సెట్టు సవరణ సంఖ్యలును వచ్చి కూర్చుండి, ఈ సెట్టు శ్రుతి చెడును. నేర్పవలసిన క్రమము వేరు. మొదట సెట్టులోని స్మృతిని చదువవలెను. మార్పు చేయకముందే దానిని భద్రపరచవలెను. అటుపిమ్మట ఒక్క ఛానెలును మార్చి ఎక్కించి, మరల చదివి సరిచూడవలెను. సెకనుకు 9,600 బిట్ల వేగమున, ఒక్కొక్క అక్షరమునకు 10 బిట్ల చొప్పున, సెకనుకు 960 అక్షరములు ప్రయాణించును. అనగా వేయి అక్షరముల స్మృతిని చదువుటకు ఒక సెకనుకు పైచిలుకు చాలును. ఆ కొద్దిపాటి ఓపిక లేక చెడిన సెట్లకు కంప్యూటరును నిందించి ప్రయోజనము లేదు.

పట్టికలో లేని దూరము

ప్రోగ్రామును మార్చినచో దూరము పెరుగునని కొందరి భ్రమ. పట్టికలో శక్తిని ఎక్కువ అని వ్రాసినను భూమి గుండ్రదనము తగ్గదు. ఈ తరంగములు ఇంచుమించు చూపుమేరకే ప్రయాణించును. ఏరియలు ఎత్తు మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.12 చే గుణించిన, చదునైన నేలపై ఆ ఏరియలు చూపుమేర కిలోమీటర్లలో వచ్చును. రెండు ఏరియళ్ళ చూపుమేరలను కూడినచో సంభాషణ దూరము తెలియును.

నిజామాబాదు నుండి బోధనుకు సరళరేఖలో సుమారు 22 కిలోమీటర్లు. ఇరువురు మనుష్యులు వాకీటాకీలను 1.5 మీటరు ఎత్తున పట్టుకొనినచో సూత్రము ప్రకారము దూరము 10 కిలోమీటర్లు మాత్రమే. నిజామాబాదులో 10 మీటర్ల ఎత్తున ఏరియలు నిలిపి, బోధనులో వాకీటాకీ పట్టుకొనినచో 18 కిలోమీటర్లు, ఇంకను చాలదు. ఏరియలును 17 మీటర్లకు పెంచిన అంచున అందును. లేదా రెండు ఊళ్ళలోను 10 మీటర్ల ఎత్తున ఏరియళ్ళు నిలిపినచో 26 కిలోమీటర్లు. అనగా పాఠశాలల మేడలపై నిలిపిన రెండు సామాన్యమైన ఏరియళ్ళు ఈ దూరమును జయింపగలవు. చెట్లు, మేడలు, మిట్టలు అడ్డువచ్చిన కొంత తగ్గును. ఏరియలు తయారీయు కష్టము కాదు. 145 మెగాహెర్ట్జుల తరంగము పొడవు 2.07 మీటర్లు; అందు నాలుగవవంతు 52 సెంటీమీటర్లు; లోహపు కడ్డీలో ఇంచుమించు 49 సెంటీమీటర్లు చాలును.

ఇంత సులభమైన లెక్క ఏ ప్రోగ్రాములోను లేదు. విద్యార్థి తెరవైపు చూచుచు గడియలు గడపి, ఇంటి కప్పువైపు ఒకసారి చూడకపోవుట ఈ ప్రోగ్రాములు పెంచిన అలవాటు.

అనుమతి, అవసరము

మన దేశమున అనుమతి లేనిదే ప్రసారము చేయుట నేరము. పోలీసుల, రైల్వేల, విమానముల ఛానెళ్ళలో పొరపాటున పలికినను ప్రాణములకు ముప్పు రావచ్చును. పాత సెట్టులో పూర్వపు యజమాని ఛానెళ్ళు మిగిలియున్నచో వానిని చెరిపివేయుటయే మొదటి పని. ఔత్సాహికులకు 144 నుండి 146 మెగాహెర్ట్జుల వరకు స్థానము కలదు. కేంద్ర ప్రభుత్వ పరీక్షలో కృతార్థులై లైసెన్సు పొందవలెను; 12 ఏండ్లు నిండిన విద్యార్థులు గూడ అర్హులు. హైదరాబాదులో 1983లో నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ విద్యను మన ప్రాంతమున వ్యాపింపజేసినది.

ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో ఔత్సాహిక ప్రసారములకై అండమాను దీవులలో నుండగ సునామీ వచ్చినది. ఆమె బృందము తమ రేడియోలతో దీవుల క్షేమ సమాచారములను ప్రధాన భూభాగమునకు అందజేసినది. ఆ పని సముద్రములు దాటు హ్రస్వ తరంగములతో జరిగినది. జిల్లాలోని ఊరికి ఊరికి నడుమ పనికివచ్చునవి ఇచ్చట చర్చించిన సెట్లు. రెంటికిని నీతి ఒక్కటే. ఆపద వచ్చిననాడు నేర్చుకొనుటకు వ్యవధి యుండదు.

తీర్పు

కంపెనీ ప్రోగ్రాము పనివానిని రక్షించినది, జ్ఞానమును దాచినది. ఔత్సాహికుల ప్రోగ్రాము జ్ఞానమును పంచినది, హద్దులను వాడుకరి వివేకమునకు వదలినది. పాఠశాలకు రెండవదే మేలు. కాని పక్కన ఉపాధ్యాయుడుండవలెను. హద్దులు చెప్పు పనియు, ఏరియలు ఎత్తు లెక్కించు పనియు ఆయనవే.

బోధనులో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. అంత పెద్ద యంత్రములను తిరిగి నడిపించుట పెట్టుబడికిని ప్రభుత్వములకును సంబంధించిన విషయము. పాత రేడియో అట్లు కాదు. ఒక పాత కంప్యూటరు, ఒక సరియైన తీగ, లైసెన్సు పొందిన ఒక ఉపాధ్యాయుడు, మేడపై 49 సెంటీమీటర్ల కడ్డీ ఉన్నచో అది తిరిగి పలుకును. నిజామాబాదులో ఒక పాఠశాల, బోధనులో ఒక పాఠశాల ఈ ప్రయోగమునకు పూనుకొన్నచో, భౌతికశాస్త్రములోను గణితములోను చదివిన నాలుగు పాఠములు ఒక్కసారిగ ప్రయోగమునకు వచ్చును. రాబోవు వర్షాకాలమునకు రెండు ఊళ్ళ నడుమ ఒక మాటదారియు సిద్ధమగును.